తాటాకు టోపీ, డాక్టరు రాయని మందులు

నేను ఒక టోపీని. తాటాకు టోపీని. మీ మనుషుల్లో నా జాతికి మంచి పేరు లేదని నాకు తెలుసు. ఎవడైనా ఎవడినైనా మోసం చేస్తే ‘టోపీ పెట్టాడు’ అంటారు. మోసం చేసేది మనిషి, మోసపోయేది మనిషి, మధ్యలో పేరు పోయేది మాత్రం నాది. నా అంతట నేనుగా ఎవరి నెత్తీ ఎక్కలేదు. ఎక్కించినప్పుడు మాత్రం దిగమనేదాకా కూర్చున్నాను. నా తప్పు ఏమైనా ఉంటే అంతే.

నన్ను చేసినావిడ పేరు దానమ్మ. బందరుకు కాస్త దూరంలో, సముద్రం పక్క పల్లె. లేత తాటి మొవ్వను సన్నగా చీల్చి, ఎండబెట్టి, జడలా అల్లి, ఆ జడను చుట్టలు చుట్టలుగా కుట్టుకుంటూ పోయింది. తల కొలత కోసం ఆవిడ ఏనాడూ మనిషిని పిలవలేదు. బోర్లించిన కుండ మీద పెట్టి చూసుకునేది. తర్వాత నేను ఎక్కిన తలల్ని బట్టి చెబుతున్నాను, ఆ కుండకేం తక్కువ లేదు.

నా అంచు జానెడు వెడల్పు. కుట్టడం అయిపోయాక నన్ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పక్కింటావిడతో, “ఇంత చాట నెత్తిన పెట్టుకుని ఏ ఆడది తిరుగుద్ది చెప్పు?” అని నవ్వి, కొంగు తల మీదికి లాక్కుని ఎండలో నీళ్లకు వెళ్లింది. పుట్టిన రోజే అమ్మ నోట చాట అనిపించుకున్నాను. అప్పటి నుంచీ నాకు ఎవరేమన్నా పట్టదు.

బెజవాడలో ఏదో ఎగ్జిబిషన్‌లో నన్ను ప్రణతి అనే అమ్మాయి కొన్నది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఫోన్‌లో వీడియోలు చేసి పెడుతుంటుంది. ఆ నెల దాని వీడియో పేరు ‘ఈ వేసవికి నాకిష్టమైనవి’. అందులో నేనూ, ఒక తెల్లని నూలు గౌనూ, నల్ల కళ్లద్దాలూ, ఎండ మచ్చలు పడకుండా రాసుకునే క్రీమూ, పెదాలకు రాసుకునే గులాబీ రంగు మైనమూ, గులాబీ నీళ్ల సీసా ఉన్నాం. ఏసీ గదిలో తలుపులు వేసుకుని, మొహం మీదికి ఒక పెద్ద లైటు వేసుకుని, “అబ్బ, ఎండ చంపేస్తోందండీ!” అని పదకొండుసార్లు అంది. పదకొండోది బాగా వచ్చిందట. బయట నిజంగా నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తూనే ఉంది. దాన్ని ఎవరూ పిలవలేదు.

వీడియో అయిపోయాక నన్ను బీరువా మీద పడేసింది. నన్ను పెట్టుకుంటే జుట్టు అణిగిపోతుందట. వేసవి గురించి నాకు తెలిసింది అప్పటికి అంతే. వేసవంటే ఒక లైటు.

ఆ తర్వాత వారానికి బందరు నుంచి కబురు వచ్చింది. ప్రణతి పిన్ని హైమావతి మిట్ట మధ్యాహ్నం వీధిలో ఎండదెబ్బకు కళ్లు తిరిగి పడిపోయిందని. ప్రణతీ వాళ్లమ్మా బయల్దేరారు. వెళుతూ వెళుతూ ఆ పిల్ల నన్ను బీరువా మీంచి లాగి దుమ్ము దులిపింది. వీడియోలో మిగిలిన సరుకంతా ఒక గుడ్డ సంచిలో వేసింది. చెడ్డ పిల్లేం కాదు. కాకపోతే ఎండ అనేది ఒకటి నిజంగా ఉందని ఆ రోజే మొదటిసారి విన్నట్టుంది.

హైమావతికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆవిడ భర్త శేషగిరి కాంట్రాక్టరు కింద ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి బిల్లులు కొట్టేవాడు. రెండేళ్ల క్రితం విషజ్వరంతో పోయాడు. ఆయన తిరిగిన వీధులే, ఆయన పట్టుకున్న మిషనే కాంట్రాక్టరు ఈవిడ చేతికిచ్చాడు. పిల్లల్లేరు. ఇంట్లో ఈవిడా, అత్తగారూ. అత్తగారి పేరు సామ్రాజ్యం. అరవై ఎనిమిదేళ్లు. ఏలడానికి రెండు గదుల అద్దె ఇల్లు తప్ప ఏమీ లేకపోయినా పేరుకు తగ్గట్టే ఉండేది. ఆవిడా ఇరవై తొమ్మిదో ఏటే భర్తను పోగొట్టుకుంది. అప్పుడు ఆవిడకు పెద్దవాళ్లు ఏవేవి కూడదన్నారో, కొడుకు పోయాక అవన్నీ ఒక్కటీ మరవకుండా కోడలికి అప్పజెప్పింది. పూలు కూడదు. బొట్టు కూడదు. గాజులు కూడదు. కాటుక, రంగు చీర, పౌడరు, అద్దం ముందు నిలబడటం కూడదు. కోపంతో చెప్పలేదు. ఇంటి తాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. హైమ కూడా అలాగే విని, బూడిద రంగు చీరలు నాలుగు పెట్టుకుని బతుకుతోంది.

మంచం మీద పడుకున్న పిన్ని తల మీద ప్రణతి నన్ను పెట్టింది. హైమ తడుముకుని చూసుకుంది.

“నాకెందుకే ఇది? నేనేమన్నా సినిమాలో వేషం వేస్తున్నానా?”

“తల మీద ఏదో ఒకటి లేకుండా గడప దాటొద్దని డాక్టరు అన్నాడంట కదా పిన్నీ.”

సామ్రాజ్యమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను చేతుల్లోకి తీసుకుంది. లోపల చూసింది, బయట చూసింది, వాసన చూసింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. పూలు, గాజులు, కాటుక అంటూ తన చిట్టా మొత్తం మనసులో తిరగేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. మొదటి నుంచి చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది. టోపీ లేదు. ఆవిడకు ముందున్న ముసలమ్మలెవరికీ, భర్త పోయిన ఆడది ఒకనాడు టోపీ పెట్టుకుంటుందేమోనన్న అనుమానమే రాలేదు మరి.

“గొడుగేసుకోవచ్చుగా?” అంది చివరికి.

“ఒక చేతిలో మిషను, ఒక చేతిలో పుస్తకం. గొడుగు ఎవరు పట్టుకుంటారత్తయ్యా?”

సామ్రాజ్యమ్మ నన్ను తిరిగిచ్చేసింది. “డాక్టరు చెప్పాడు కాబట్టి,” అంది. ఆ మాట ఆ ఇంట్లో ఎంత దూరం వెళుతుందో ఆవిడకు అప్పుడు తెలియదు.

మర్నాడు నేను మొదటిసారి ఎండ చూశాను. బీరువా మీద బతికినదాన్ని, గిలగిలలాడిపోయాను. బందరు ఎండ పైనుంచి పడేది సగమే, మిగతా సగం ఉప్పుగాలితో కలిసి పక్కనుంచి వచ్చి ఒంటికి అంటుకుంటుంది. నా కింద హైమ మొహం మాత్రం నీడలో ఉంది. నాకదేదో ఉద్యోగంలో చేరినట్టనిపించింది.

వీధిలో తాతారావుగారని ఒక పెద్దమనిషి ఉన్నాడు. రిటైరైనా రోజూ తొమ్మిదిన్నరకు ఏదో పని మీద బయల్దేరుతాడు. గేటు తీసి వీధి అటూ ఇటూ చూస్తాడు. హైమ కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చుని మళ్లీ వస్తాడు. ఆవిడ ఎదురైతే అపశకునమని. రెండేళ్లుగా ఆయన ఇలా తాగిన నీళ్లకు ఒక చెరువు ఎండిపోయి ఉండాలి. హైమ అది చూసీ చూడనట్టు తలొంచుకుని వెళ్లిపోయేది.

ఆ రోజు గేటు తీశాడు. నన్ను చూశాడు. కాళ్లు కదల్లేదు.

“ఎవరది?”

“నేనేనండీ. మీటరు.”

“హైమవా! ఆ నెత్తి మీదేంటమ్మా?”

“టోపీ అండీ. డాక్టరు పెట్టుకోమన్నాడు.”

తాతారావుగారు గేటు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. టోపీ ఎదురొస్తే మంచిదో చెడ్డదో పంచాంగంలో ఉండదు. ఆఖరికి అడిగేశాడు.

“ఇంతకీ నాకు ముందు ఎదురొచ్చింది నువ్వా, టోపీయా?”

హైమ నా అంచు పట్టుకుని చూసుకుంది. “టోపీ జానెడు ముందుంది కదండీ. టోపీయే అనుకోండి.”

ఆయన చెప్పులేసుకుని వెళ్లాడు. ఆరు నెలలుగా ఏదో ఆఫీసులో ఆగిపోయిన కాగితం ఆ రోజు సంతకం అయి చేతికొచ్చిందట. ఇక చూడండి, మర్నాటి నుంచి ఆ మహానుభావుడు గేటు దగ్గర నిలబడి నా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. మేం రావడం ఆలస్యమైతే, “ఏంటమ్మా, టోపీ ఇంకా బయల్దేరలేదా?” అని విసుక్కునేవాడు. మనిషికి బుద్ధి రాలేదు, మూఢనమ్మకం మాత్రం గుమ్మం మారింది. అయినా ఆ రోజు ఆయన గేటు దాటాక హైమ నవ్వింది. భర్త పోయాక వీధిలో నవ్వడం అదే మొదలనుకుంటాను, ఎందుకంటే నవ్వీ నవ్వగానే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంది.

నేను ఆ ఇంటి గుమ్మం దాటాక నా వెనక మిగతావాళ్లూ ఒక్కొక్కరే దాటారు. ముందు క్రీము. హైమ అద్దం ముందు కాకుండా పెరట్లో నిలబడి మొహానికి తెల్లగా రాసుకుంటుంటే సామ్రాజ్యమ్మ పట్టుకుంది.

“ఏంటే అది?”

“మందు అత్తయ్యా. ఎండకు తోలు కాలకుండా.”

ట్యూబు తీసుకుని వాసన చూసింది. “మందు వాసనే రావట్లేదే?”

“మంచి మందులకు వాసనుండదు.”

నల్ల కళ్లద్దాలకు గొడవే లేదు. శుక్లాల ఆపరేషనైనప్పుడు ఆవిడకూ అలాంటివే ఇచ్చారు. పెదాల మైనం దగ్గర కాస్త చిక్కొచ్చింది. పగిలిన పెదాలకు మందేనన్నా, రాసుకున్నాక హైమ పెదాలు చిగురాకులా అయ్యాయి.

“మందుకు రంగెందుకే?” అని నిలదీసింది అత్త.

“చిన్నపిల్లల దగ్గు మందుకు రంగుండదా?”

ఆ జవాబు ఆవిడకు నచ్చిందో, నచ్చిందని చెప్పుకోవడానికి వీలుగా ఉందో నాకు తెలియదు. వారం తర్వాత, ముదురు రంగులు ఎండను లాగుతాయని, అందుకే ఒళ్లంతా సెగలుగా ఉంటోందని హైమ అంటే, సామ్రాజ్యమ్మే ట్రంకుపెట్టె తెరిచి అడుగు నుంచి ఒక లేత నీలం నూలు చీర తీసి మంచం మీద పడేసింది. “కట్టు. మళ్లీ పడిపోతే మోసుకొచ్చే ఓపిక నాకు లేదు.”

ఒక సాయంత్రం హైమ కళ్లు మంటలని చెంబుడు నీళ్లతో కడుక్కుంటోంది. సామ్రాజ్యమ్మ చూస్తూ కూర్చుంది. కాసేపటికి లేచి, ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించింది. మసి పట్టాక వేలితో గీకి, చుక్క ఆముదం వేసి రంగరించింది. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ చేతులు ఆ పని చేయలేదు. చూస్తే నిన్ననే చేసినట్టుంది.

“ఆముదం కాటుక కంటికి చలవ,” అంది కోడలి వైపు చూడకుండా. “మందే.”

కాటుక ఎప్పటి నుంచి మందయిందో అడగకుండా హైమ కళ్లు మూసుకుని మొహం ఇచ్చింది. అత్త పెట్టింది. కళ్లు తెరిచాక ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. నేను గోడ మేకు మీద నుంచి ఇద్దర్నీ చూశాను. దొంగ ఒక్కరే అనుకున్నాను, ఇద్దరని అప్పుడు తెలిసింది.

అక్కడితో ఆగినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదేమో. మే నెల, మల్లెల కాలం. వీధి చివర బండి మీద మల్లెపూలు గుట్టగా పోసి అమ్ముతారు. హైమ రోజూ ఆ బండి దగ్గర నడక తగ్గించేది. ఒక ఉదయం ఆగి మూర కొంది. చేతిలో పట్టుకుని నిలబడింది. జడలో పెట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. ఇంటికి తీసుకెళితే ఏ దేవుడికని అడుగుతారు. అప్పుడు నన్ను తీసి, ఆ మూరను నా చుట్టూ కట్టి, మళ్లీ పెట్టుకుంది.

నా బతుకులో అంత బరువు ఎప్పుడూ మోయలేదు. మూర మల్లెల బరువు ఎంతని నవ్వకండి. ఆ రోజు వీధుల్లో ప్రతి గుమ్మం తలుపు తీసే ఉంది. కొందరు నవ్వారు, కొందరు ముక్కున వేలేసుకున్నారు. హైమ తలొంచుకోలేదు. ఒంచితే పూలు జారిపోతాయి కదా.

ఇంటికొచ్చాక సామ్రాజ్యమ్మ పూలను చూసింది.

“టోపీకి చెమట కంపు పట్టిందత్తయ్యా,” అంది హైమ గొంతు తగ్గించి.

“ఊఁ,” అంది ఆవిడ. అంతే.

కానీ బందరులో చూసినవాళ్లకు ఫోన్లున్నాయి. గుడివాడలో ఉండే సామ్రాజ్యమ్మ కూతురు విజయశ్రీకి అదే రోజు కబురు చేరింది. మూడో రోజుకు ఆవిడే దిగింది. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు, పిలవడానికి వచ్చానంటూ వచ్చి, మేకు మీద నన్నూ, నా మీద వాడిన మల్లెల్నీ చూసి పిలుపు మరిచిపోయింది.

“మా అన్నయ్య పోయి రెండేళ్లేగా అయింది. టోపీకి పూలు చుట్టుకుని ఊరేగుతున్నావంట! కళ్లకు కాటుక. పెదాలకు రంగు. మా అత్తగారు అడుగుతుంటే నేను ఏం మొహం పెట్టుకుని చెప్పను వదినా?”

హైమ గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో ఉన్న మిషను దించడం కూడా మరిచిపోయింది. “ఎండకని...” అంది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇంతకాలం పనిచేసిన మందు ఒక్కసారిగా పనిచేయడం మానేసింది.

“ఎండంట, ఎండ! ఊళ్లో అందరికీ లేని ఎండ నీకే ఉందా? మా అమ్మను చూసి నేర్చుకో. ఇరవై తొమ్మిదేళ్లకు ఆయన పోతే ముప్పై తొమ్మిదేళ్లు ఎంత పద్ధతిగా ఉంది! ఒక్కరు వేలెత్తి చూపించారా?”

నేను సామ్రాజ్యమ్మ కోసం చూశాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఇక నన్ను పొయ్యిలో పెడతారు, తాటాకు బాగా మండుతుంది.

సామ్రాజ్యమ్మ కుర్చీలో కూర్చుని చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది.

“నేనేం పద్ధతిగా ఉన్నానే?” అంది.

“అదేంటమ్మా?”

“పద్ధతిగా ఉన్నానని నువ్వనుకుంటున్నావ్. నన్నెవరన్నా అడిగారా? పదో రోజున కూర్చోబెట్టారు, అన్నీ తీసేశారు. ఊరుకున్నాను. నాకు టోపీ తెచ్చిచ్చేవాళ్లు లేరు. అంతేనే విజయా. ఉంటే నేనూ పెట్టుకునేదాన్నేమో.”

విజయశ్రీ వాళ్లమ్మను అరవై ఎనిమిదేళ్ల మనిషిగానే ఎప్పుడూ చూసినట్టుంది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఆ కుర్చీలో ఇన్నాళ్లుగా కూర్చుని ఉందని అప్పుడే తెలిసినట్టు నిలబడిపోయింది. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవాలని ఏముంది? “వయసొచ్చి మతి పోయింది నీకు,” అని, కళ్లు తుడుచుకుంటూ చెప్పులేసుకుంది. “గృహప్రవేశానికి వచ్చినా వెనకాల కూర్చోండి ఇద్దరూ. నలుగురి నోళ్లలో నానొద్దు.”

“ముందు వరసలో కూర్చుంటాం,” అంది సామ్రాజ్యమ్మ. “లేకపోతే రాము.”

విజయశ్రీ వెళ్లిపోయింది. హైమ మిషను దించి, వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చింది. సామ్రాజ్యమ్మ వెనకాల వెళ్లలేదు. కాసేపయ్యాక ఇక్కడి నుంచే కేకేసింది: “కాటుక కారుతుంది, చూసుకో.”

జూన్ ఆఖర్లో వానలు పడ్డాయి. మొదటి వానకే నేను ఉబ్బిపోయాను. అంచు ఒకవైపు కుక్క చెవిలా వేలాడింది. హైమ నన్ను తుడిచి మేకుకు తగిలించింది. ఆ తర్వాత క్రీమూ, పెదాల మైనమూ, కళ్లద్దాలూ గుడ్డ సంచిలో వేసి మూతి ముడేసింది. నీలం చీర ఉతికి మడతపెట్టింది. బూడిద రంగు చీర బయటికొచ్చింది. ఎండ పోయింది, ఎండతో పాటు వచ్చినవీ పోయాయి. పనికి వెళ్లేది, వచ్చేది. నవ్వు కూడా ఆ సంచిలోనే వేసి కట్టేసిందేమో. తాతారావుగారు రెండు రోజులు గేటు దగ్గర నిలబడి, టోపీ రాకపోయేసరికి మళ్లీ మంచినీళ్లు మొదలుపెట్టాడు.

సామ్రాజ్యమ్మ మాత్రం ఇంట్లో కుదురుగా ఉండలేకపోయింది. ఊరికే ట్రంకుపెట్టె తెరిచేది, మూసేది. ఆవిడకు ఏదో కావాలి, ఏం కావాలో ఆవిడ చిట్టాలో లేదు.

శ్రావణంలో ఫోనొచ్చింది. విజయశ్రీ. చాలాసేపు మాట్లాడింది. సామ్రాజ్యమ్మ వింటూ కూర్చుని, “సరే. ముందు వరసే కదా? సరే,” అని పెట్టేసింది. విజయశ్రీ తన అత్తగారిని ఎలా ఒప్పించిందో, ఎంత యుద్ధం చేసిందో నాకు తెలియదు.

గృహప్రవేశం రోజు పొద్దున వాన ఆగి ఆగి పడుతోంది. ఆటో వచ్చి గుమ్మంలో నిలబడింది. హైమ బూడిద చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. సామ్రాజ్యమ్మ ఆవిడను పైనుంచి కిందికి చూసి, లోపలికి వెళ్లి నీలం చీర తెచ్చి చేతిలో పెట్టింది. కాటుక భరిణె కూడా తెచ్చింది.

“ఎండ లేదుగా అత్తయ్యా,” అంది హైమ. “ఏ జబ్బుకని పెట్టుకోను?”

“జబ్బుకు కాదే. బాగుంటావు.”

హైమ చీర మార్చుకుని వచ్చి, ఆ ఇంట్లో అద్దం ముందు నిలబడి, తన చేత్తోనే కాటుక పెట్టుకుంది. అద్దంలో వెనక అత్త మొహం కనిపిస్తోంది. అటు తిరిగి భరిణె చూపించింది.

సామ్రాజ్యమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. చెయ్యి ఊపడం ఆపి, కళ్లజోడు తీసి, ముడతలు పడ్డ మొహం కోడలి ముందుకు చాపింది. “తొందరగా కానీ.”

వానలో ఎలాగూ పనికిరానని నన్ను మేకు మీదే వదిలేశారు. ఎవరూ సెలవు కూడా చెప్పలేదు. నేనేమీ అనుకోలేదు. ఒక బల్లి వచ్చి నా వంగిన అంచు కింద సర్దుకుంది. తలుపు వేశారు. బయట ఇద్దరూ ఒకే గొడుగు కింద ఆటో ఎక్కుతున్న చప్పుడు. సామ్రాజ్యమ్మ గొంతు వినిపించింది.

“మరీ ఎక్కువ పెట్టలేదు కదే?”

“ఇంకాస్త పెట్టాల్సింది,” అంది హైమ.